ఒక్క మనిషి ఎత్తే బరువు

మెట్ల మీద ఆరు జతల చెప్పులున్నాయి. వాటి పక్కన ధనశ్రీని కూర్చోబెట్టి, చేతిలో బిస్కెట్ ప్యాకెట్ పెట్టి, "ఇక్కణ్ణించి కదలకు, అమ్మ తలుపవతలే ఉంది" అని చెప్పి అనూరాధ లోపలికొచ్చింది.

లోపల ఏసీ గదిలో పెళ్లివాళ్లు కూర్చున్నారు, తమ వీడియో మిక్సింగ్ ఎంతవరకూ వచ్చిందో చూసుకోడానికి. అంతకుముందు పిల్ల దగ్గుతుంటే వాళ్లు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు. మిక్సింగ్ యూనిట్ యజమాని అర్జునరావు గారు కోప్పడలేదు. "గది చిన్నది కదమ్మాయ్, కాసేపు బయట కూర్చోబెట్టు" అన్నాడంతే. బడికి పంపుదామంటే రాత్రి నుంచి పిల్లకి ఆయాసం. ఇంట్లో ఉంచుదామంటే అత్త చేపలమ్మడానికి పోయింది. మొగుడు దొరబాబు సముద్రం మీద వేటకెళ్లి వారమైంది.

అనూరాధ కుర్చీలో కూర్చుని మౌసు పట్టుకుంది. పెళ్లికొడుకు తాళి కట్టే ముక్క. మూడు కెమెరాలు తీసిన మూడు బొమ్మలు, కింద సన్నాయి గీత. ఒక కెమెరాలో పెళ్లికూతురి ముఖం బాగుంది, ఇంకోదాంట్లో ముడి వేసే వేళ్లు బాగున్నాయి. ముఖం నుంచి వేళ్లకి, వేళ్ల నుంచి అక్షింతలకి కోసుకుంటూ పోతోంది. కళ్లు తెర మీదే ఉన్నా చెవులు మాత్రం తలుపు దగ్గరున్నాయి. దగ్గు వినిపిస్తే పిల్ల అక్కడే ఉన్నట్టు. దగ్గింది. మళ్లీ దగ్గింది.

తర్వాత వినిపించలేదు.

"సార్, ఒక్క నిమిషం చూసొస్తాను."

"ఆ ముక్క అయిపోనియ్యమ్మా. వాళ్లు మళ్లీ గోపాలపట్నం వెళ్లాలి."

ముక్క అవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. తెర మూలనున్న గడియారం కనబడుతూనే ఉంది. తలుపు తీసేసరికి చెప్పులున్నాయి, బిస్కెట్ ప్యాకెట్ ఉంది, పిల్ల లేదు.

మెట్లు ఎలా దిగిందో తెలీదు. పూర్ణా మార్కెట్ సందులో తోపుడు బళ్లు, ఉల్లిపాయల బస్తాలు, ఆటోలు. సందు చివర టీ కొట్టు బల్ల మీద ధనశ్రీ ఉంది. ఎవరో ముసలావిడ వీపు రాస్తోంది. పిల్ల భుజాలు ఊపిరి కోసం పైకీ కిందకీ ఎగురుతున్నాయి. అనూరాధ సంచిలోంచి ఇన్‌హేలర్ తీసి పిల్ల నోటికి పెట్టి నొక్కింది. ఒకటి. పది లెక్కపెట్టి ఇంకొకటి. భుజాలు నెమ్మదించేదాకా ఆ బల్ల దగ్గరే మోకాళ్ల మీద కూర్చుంది.

"నీళ్ల కోసం దిగింది తల్లీ. సీసాలో అయిపోయాయంట" అంది ముసలావిడ.

పిల్లని చంకనేసుకుని పైకొస్తే అర్జునరావు గారు మెట్ల మీదే ఎదురొచ్చాడు. పిల్లని చూశాడు. "ఏం కాలేదుగా?" అన్నాడు.

అనూరాధ ఆయన పక్కనుంచి పైకెక్కింది. లోపలికెళ్లి తన మౌసు ఊడదీసింది. అది ఆమె కొనుక్కున్నది. తీగ చుట్టి సంచిలో వేసుకుని, పెళ్లివాళ్ల ముందు నుంచే బయటికి నడిచింది. మూడేళ్ల పని అక్కడితో సరి.

*

జాలరిపేటలో వాళ్ల ఇల్లు సముద్రం నుంచి మూడో వరస. ఆ ఇంట్లో బీరువా లేదు. మంచం లేదు. గోడకి కొక్కెం, దానికి టీవీ. బట్టలు రెండు రేకు పెట్టెల్లో. అత్త గురువమ్మ ఏ వస్తువు ఇంట్లోకొచ్చినా ముందు ఎత్తి చూస్తుంది. గ్రైండర్ కొందామని కోడలు అడిగితే కొట్లో దాన్ని నేల మీంచి మోకాళ్లదాకా లేపి మళ్లీ దింపేసి, "ఒద్దు" అంది. సముద్రం ఊళ్లోకొచ్చే రోజున మగాళ్లు ఇళ్లల్లో ఉండరు, వేట మీద ఉంటారు. అప్పుడు ఒక్క మనిషి ఎత్తుకుని పోగలిగిందే ఇంట్లో ఉండాలి. హుద్‌హుద్ తుపాను గాలికి తన పెద్ద టీవీ గోడతో సహా పడి మట్టిలో కూరుకుపోయినప్పట్నుంచీ ఆవిడ మాట అదే.

ఆ సాయంత్రం గురువమ్మ ఖాళీ తట్ట దింపి, తల మీది గుడ్డ చుట్ట తీసి దులుపుతుంటే అనూరాధ చెప్పింది.

"అత్తా, ఆ పనికి ఇంక ఎల్లను."

"ఏటయింది?"

చెప్పింది. గురువమ్మ చేతిలోని గుడ్డని దులపడం ఆపేసింది.

"గుంటని సెప్పుల కాడ కూకోబెట్టాడా?"

"ఊఁ."

"సెప్పుల కాడ?"

అనూరాధ తలూపింది. గురువమ్మ ధనశ్రీ దగ్గరకెళ్లి గౌను పైకెత్తి, వీపు మీద చెవి పెట్టి ఊపిరి విని, గౌను సర్దింది.

"మరేటి సేత్తావ్?"

"సొంతంగా సేత్తాను. ఇంట్లోనే. మిషను కొనాల."

"కుట్టు మిషనా?"

"కంప్యూటరు. ఫొటోలు తీసే ఆశాజ్యోతక్క లేదా, ఇందాక ఫోన్ చేసింది. నీకు సిస్టముంటే నా పెళ్లిళ్లన్నీ నీకే ఇస్తానంది. ముందు ఒకటిస్తాదంట. వచ్చే ఆదివారం సాయంత్రానికి ఇవ్వాల. పెళ్లివాళ్లు ఇంటి ముందు తెర కట్టి సుట్టాలందరికీ సూపిత్తారంట. అది బాగుంటే కార్తీకం పెళ్లిళ్లన్నీ. లేదంటే ఆవిడ మళ్లీ అర్జునరావు గారి దగ్గరికే పోతాది."

గురువమ్మ తలెత్తింది. పైకప్పు రేకుల కేసి చూసింది. రెండు చోట్ల సందుల్లోంచి ఆకాశం కనబడుతోంది. రేకులు మార్చడానికని మొన్ననే చీటీ పాడింది. అరవై వేలు. రేకు పెట్టె అడుగున, దొరబాబు పెళ్లి పంచెలో చుట్టి ఉన్నాయి.

"ఎత్తగలిగీదైతేనే" అంది.

*

డాబాగార్డెన్స్‌లో కంప్యూటర్ల కొట్టు. యజమాని నిసార్‌ది వన్ టౌన్. ఆయనే కూర్చుని స్క్రూడ్రైవరుతో మిషన్లు బిగిస్తాడు. అద్దాల బల్ల మీద వరసగా గేమింగ్ ల్యాప్‌టాప్‌లు తెరిచి ఉన్నాయి. ఒకదాని కీబోర్డు అక్షరాల కింద ఎర్ర దీపాలు వెలిగి ఆరుతున్నాయి.

"గేమింగంటే ఏటి?" గురువమ్మ అడిగింది.

"ఆటలమ్మా. కంప్యూటర్‌లో ఆడే ఆటలు" అన్నాడు నిసార్.

"ఆటలకేటే నా సీటీ డబ్బులు?"

"ఆటలాడే మిషనే వీడియో పనీ సేత్తాదత్తా. రెండింటికీ బొమ్మలు గబగబా కదలాల" అంది అనూరాధ.

గురువమ్మ ఎర్ర దీపాల ల్యాప్‌టాప్ మూత మూసింది. చంకలో పెట్టుకుంది. కొట్టు తలుపుదాకా ఏడడుగులు నడిచి, తిరిగి ఏడడుగులు వచ్చింది. బిల్లులు రాసే అమ్మాయి నవ్వు దాచుకోడానికి తల దించుకుంది.

"ఇది బాగుంది. గుంట ఈ సంకన, ఇది ఆ సంకన."

"బరువు చూసి కొనడానికి ఇది చేప కాదమ్మా" అన్నాడు నిసార్.

"సేపైనా ముందు ఎత్తే సూత్తాను బాబూ. తక్కెడ పట్టినోడు అబద్దమాడతాడు గానీ నా సెయ్యి ఆడదు."

నిసార్ నవ్వలేదు. ఒప్పుకున్నట్టు తలూపి అనూరాధ వైపు తిరిగాడు. "మీ బడ్జెట్ అరవై. ఆ డబ్బుకి ల్యాప్‌టాప్ వస్తుంది, కాదనను. పేరు గేమింగే, స్టిక్కరూ ఉంటుంది. కానీ లోపల బొమ్మల్ని నడిపే కార్డు చిన్నది. అదే డబ్బుకి డెస్క్‌టాప్ అయితే దీనికి రెండింతలు పనిచేసే కార్డు, రెండింతలు మెమరీ, మానిటర్ కూడా. రేపు పని పెరిగితే మూత తీసి ఇంకోటి తగిలించుకోవచ్చు. ల్యాప్‌టాప్‌కి ఆ అవకాశం తక్కువ. మీరు వీడియో తెచ్చారా?"

అనూరాధ పెన్‌డ్రైవ్ ఇచ్చింది. ఆశాజ్యోతి ఇచ్చిన పెళ్లిలో పది నిమిషాలు. నిసార్ రెండు మిషన్లలోనూ ఒకే ముక్క తెరిచి, ముక్కలన్నీ కలిపి ఒక్క వీడియోగా మార్చే రెండరింగ్ ఒకేసారి పెట్టాడు. తెర మీద గీతలు రెండూ పాకడం మొదలుపెట్టాయి.

ల్యాప్‌టాప్ మొదట మౌనంగా ఉంది. తర్వాత పొయ్యి మీద నీళ్లు కాగే చప్పుడు మొదలైంది. అనూరాధ అరచెయ్యి అక్షరాల మీద ఆనించింది. కాసేపటికి తీసేసింది. అర్జునరావు గారబ్బాయి ల్యాప్‌టాప్ ఇలాగే కాగి, గంట పని మధ్యలో టప్పున ఆరిపోయేది. ఆరినప్పుడల్లా మొదట్నుంచి మళ్లీ చేసింది తనే. పక్కన డెస్క్‌టాప్‌లో పని అయిపోయింది. ల్యాప్‌టాప్‌లో గీత ఇంకా సగం దాటలేదు.

అనూరాధ లేచి డెస్క్‌టాప్ నల్ల డబ్బా దగ్గరికెళ్లింది. అందరూ దాన్నే సీపీయూ అంటారు. ధనశ్రీని ఎడం చంకన ఎత్తుకుంది. వంగి కుడిచేత్తో డబ్బా పైన పట్టుకుని లేపబోయింది. వేళ్లు జారాయి. మోకాలు అడ్డం పెట్టి డబ్బాని ఒళ్లోకి లాక్కుంది. పిల్ల జారిపోతోంది. "అమ్మా" అని మెడ పట్టుకుంది. డబ్బా దింపేసింది. మళ్లీ ప్రయత్నించింది. ఈసారి రెండడుగులు వేసి అద్దాల బల్లకి ఆనుకుంది.

గురువమ్మ చేతులు కట్టుకుని చూస్తోంది. ఆ నల్ల డబ్బాని మాత్రం ఆవిడ ఎత్తి చూడలేదు.

"సెప్పు" అంది.

అనూరాధ పిల్లని పైకి సర్దుకుంది. చంకలో పట్టేది ఇంటికొస్తే అత్తతో గొడవ ఉండదు. పని దగ్గర రోజూ ఉంటుంది. ఎత్తలేనిది తీసుకుంటే గాలి వచ్చిన రోజున చీటీ డబ్బూ, ఇంటి రేకులూ, తన మాటా అన్నీ ఇసకలో కలుస్తాయి.

"అత్తా, దీన్ని నాను ఎత్తలేను" అంది. "కానీ అది పని సెయ్యదు. ఎత్తుకుని పోయినా సెయ్యదు."

గురువమ్మ వెనక్కి తిరిగింది. బొడ్లోంచి పంచె ముక్క మూట తీసి బల్ల మీద పెట్టి, "లెక్కెట్టుకో బాబూ" అని బయటికెళ్లి నిలబడింది. ఆటోలో ఇంటిదాకా రోడ్డు వైపే తిరిగి కూర్చుంది. డబ్బా ఇద్దరి మధ్యా సీటు మీద ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా అనూరాధే దాన్ని పట్టుకుంది.

*

బుధ, గురు, శుక్రవారాలు పని. చేపల ప్లాస్టిక్ ట్రేలు రెండు బోర్లించి వాటి మీద సీపీయూ పెట్టింది. ఇంకో రెండింటి మీద మానిటర్. తనకి నేల మీద చాప. గాలికి ఇసక లోపలికి రాకుండా గుమ్మానికి తడి చీర కట్టింది. ధనశ్రీ పక్కనే చాప మీద బొమ్మలు గీసుకుంటూ దగ్గింది, నిద్రపోయింది, లేచి మళ్లీ గీసుకుంది. దగ్గు వినడానికి చెవులు తలుపు దాటనక్కర్లేకపోయింది.

గురువమ్మ కోడలితో మాట్లాడటం మానేసింది. మాటలన్నీ మనవరాలి ద్వారానే. "మీ అమ్మని అన్నం తినమను." "మీ అమ్మనడుగు, ఆ దీపం ఎంతసేపెలగాలో." పొద్దున్నే ఇల్లు తుడుస్తూ ట్రేల దాకా వచ్చి, అక్కడ చీపురు ఆపి, చుట్టూ తిరిగి పోయేది.

శుక్రవారం మధ్యాహ్నం పోర్టులో మూడో నంబరు తుపాను హెచ్చరిక ఎగరేశారు. మైకు కట్టిన ఆటో వరసల మధ్య తిరిగింది. వేటకెళ్లిన బోట్లు బేగి ఒడ్డుకి రావాలని, ఎవరూ సముద్రంలోకి పోవద్దని. దొరబాబు ఫోను అందుబాటులో లేదు. బోటు ఓనరుకి చేస్తే, "వైర్‌లెస్‌లో దొరికారమ్మా, వస్తన్నారు" అన్నాడు. ఎక్కడిదాకా వచ్చారంటే చెప్పలేకపోయాడు.

గురువమ్మ ఇసకలో ఆరేసిన ఎండుచేపలన్నీ ఎత్తి గోనె సంచిలో కుక్కింది. నెత్తళ్లు, సావడాయిలు. పదిహేను రోజుల ఎండ. సంచి మూతి కుట్టి గుమ్మం పక్కన నిలబెట్టింది. అది ఆవిడ తల మీదికెక్కాల్సిన బరువని అడక్కుండానే తెలుస్తోంది.

శనివారం పొద్దున్నే వాన. పదింటికి వార్డు సచివాలయం వాళ్లు గొడుగులేసుకుని వచ్చారు. మధ్యాహ్నంలోగా అందరూ చినవాల్తేరు బడికి పోవాలి. రెండింటికి కరెంటు తీసేస్తారు.

అనూరాధ తెర కేసి చూసింది. కోతలయ్యాయి, రంగులు సరిచేసింది, పాటలు కలిపింది. మొత్తం రెండరింగ్‌కి నాలుగు గంటలు. మొదలుపెట్టి అరగంటే అయింది. ఆశాజ్యోతికి ఫోన్ చేసింది.

"రేపు సాయంత్రం ప్రోగ్రాం ఆగదు అనూ. వాళ్లది సీతమ్మధార, నాదీ అదే. ఇక్కడ పెద్దగా గాలి లేదు" అంది ఆశాజ్యోతి. "మా ఇంటికి తెచ్చెయ్, కరెంటుంది."

"ఫైలు మాత్రం డిస్కులో తెస్తే మీ ల్యాప్‌టాప్‌లో అవదా అక్కా?"

"నాది ఫొటోలకే మూలుగుతుంది. ఇది తెరుచుకోను కూడా తెరుచుకోదు. పోనీ డిస్కు పట్టుకుని అర్జునరావు గారి యూనిట్‌కి వెళ్లు. నేను చెప్తాను. గంటలో చేసిచ్చేస్తాడు." కొంచెం ఆగి, "పేరు మాత్రం ఆయనదే పడుతుందనుకో" అంది.

అనూరాధ ఫోన్ పెట్టేసింది. డిస్కు అరచేతిలో ఇమిడిపోతుంది. బరువే లేదు. మెట్లు, ఆరు జతల చెప్పులు, "ఏం కాలేదుగా" అనే ముఖం.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. రెండింటికి పోవాల్సింది పదకొండున్నరకే పోయింది. పక్కనున్న చిన్న యూపీఎస్ కీచుమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. కరెంటు లేకుండా అది పది నిమిషాలు నడుపుతుందన్నాడు నిసార్. అనూరాధ గబగబా పనిని మిషన్లోనూ డిస్కులోనూ భద్రం చేసి మిషను ఆపింది. తీగలు ఒక్కొక్కటే ఊడదీసి చుట్టింది. మానిటర్ని దుప్పటిలో చుట్టి టీవీ పక్కన కొక్కేనికి వేలాడదీసింది.

ధనశ్రీకి వాన కోటు తొడిగి, ఇన్‌హేలర్ తన జాకెట్‌లో దోపుకుని, పిల్లని చంకనెత్తుకుంది. సీపీయూ దగ్గర వంగింది. కుడిచెయ్యి డబ్బా కింద పెట్టింది. పట్టు దొరకలేదు. పిల్లని దింపితే నీళ్లల్లో నడవాలి, రోడ్డు దాకా మోకాలి లోతు, ఈ గాలిలో. పిల్ల ఊపిరి చెవి పక్కనే సన్నగా ఈల వేస్తోంది. డబ్బా కిందనుంచి చెయ్యి తీసేసింది.

సంచి తెరిచి డిస్కు వెతకసాగింది.

"ఏటి ఎతుకుతున్నావ్?"

నాలుగు రోజుల తర్వాత అత్త తనతో నేరుగా అన్న మొదటి మాట. అనూరాధ తలెత్తలేదు. "డిస్కు. అర్జునరావు గారి కాడికి ఎల్తాను."

గురువమ్మ గుమ్మం పక్కన ఎండుచేపల సంచి ముందు నిలబడి ఉంది. తల మీద గుడ్డ చుట్ట అప్పటికే ఉంది. ఆవిడ సంచిని కాలితో పక్కకి జరిపింది. చేపల మీద కప్పే నీలం బరకం లాగి నేల మీద పరిచింది.

"దీన్ని ఇందులో ఎట్టు."

"అత్తా, ఎండుసేపలు?"

"ఎట్టమన్నానా."

ఇద్దరూ డబ్బాని బరకంలో పెట్టి నాలుగు వైపులా మడిచి వల తాడుతో కట్టారు. ముడులు గురువమ్మే వేసింది. తర్వాత తట్ట దగ్గర కూర్చునేటట్టే గొంతుక్కూర్చుని, మెడ నిటారుగా పెట్టి, "ఎత్తు" అంది. అనూరాధ పిల్లని ఒక్క క్షణం దింపి, రెండు చేతుల్తో డబ్బా ఎత్తి అత్త తల మీద పెట్టింది. గురువమ్మ ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి సర్దుకుని, మోకాళ్ల మీద చేతులానించి లేచింది.

లేచాక ఒక చిన్న శబ్దం చేసింది. ముక్కులోంచి. నవ్వో, విసుగో తెలీలేదు.

రోడ్డు ఎక్కేదాకా నీళ్లు. గాలి పక్కనుంచి తోస్తోంది. ముందు గురువమ్మ, వెనక అనూరాధ. ఆవిడ చేతులు రెండూ కిందే ఉన్నాయి, చీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని. బజారులో చేపలమ్మేటప్పుడు నడిచినట్టే నడిచింది. నడుం దగ్గర్నుంచి కిందంతా కదులుతోంది, పైన మెడ మాత్రం కదల్లేదు. నీలం బరకం మీద వాన టపటపా కొడుతోంది. ఒకచోట కాలు జారింది. అనూరాధ చెయ్యి చాపింది. ఆవిడ తూలి, ఆగి, నీళ్లల్లో బొటనవేలితో నేల వెతుక్కుని మళ్లీ నడిచింది. డబ్బా మీద చెయ్యి వెయ్యలేదు.

చినవాల్తేరు రోడ్డు మీద ఆటో దొరికింది. ఆటోలో ఆవిడ డబ్బాని సీటు మీద పెట్టనివ్వలేదు. ఒళ్లో పెట్టుకుంది.

*

సీతమ్మధారలో ఆశాజ్యోతి వాళ్ల హాలు నేల మీద బరకం విప్పేసరికి గదంతా నెత్తళ్ల వాసన కొట్టింది. ఆశాజ్యోతి ముక్కు మీద చెయ్యి పెట్టుకోబోయి జుట్టు సవరించుకుంది. అనూరాధ డబ్బా మూత తీసి ఫోను దీపం వేసి లోపలంతా చూసింది. ఒక్క చుక్క లేదు. వల తాడు ముడులు విప్పడానికే కష్టమైంది.

ఆశాజ్యోతి టీవీకి తీగ తగిలించి మీట నొక్కింది. ఫ్యాను తిరిగింది. తెర నల్లగా ఉంది. ఇంకా నల్లగానే ఉంది. గురువమ్మ గోడకి ఆనుకుని, తడి చీర పిండుకుంటూ, తెర కేసి కాకుండా కోడలి ముఖం కేసి చూస్తోంది. బొమ్మ వచ్చింది. అనూరాధ మౌసు అందుకుంది. మొదటిసారి తప్పు చోట నొక్కింది. రెండోసారి పని తెరుచుకుంది. రెండరింగ్ మొదలుపెట్టి గీత పక్కనే కూర్చుంది. నాలుగు గంటలూ లేవలేదు. గీత చివరికి చేరిన తర్వాత వీడియో మొదట్నుంచి చివరిదాకా ఆశాజ్యోతి చూసింది. అప్పగింతల దగ్గర ఆపి, మళ్లీ వెనక్కి వేసుకుని చూసింది. "ఇక్కడ సన్నాయి ఆపేశావా?"

"పెళ్లికూతురి నాన్న ఊపిరి వినిపిస్తాదని, అక్కా."

"ఉంచు" అంది ఆశాజ్యోతి. "కింద నీ పేరు వేసుకో."

చీకటి పడుతుండగా ఫోను మోగింది. కొత్త నంబరు. దొరబాబు. హార్బర్‌లో దిగామని, బోటు జెట్టీకి కట్టేశామని, తన ఫోను నీళ్లల్లో పోయిందని, గాలి తగ్గి చేపలు దించేదాకా బోటు దగ్గరే ఉంటానని. అనూరాధ ఫోను అత్త చెవి దగ్గర పెట్టింది. గురువమ్మ కొడుకు గొంతు విని, "తిన్నావా?" అంది. అంతే. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంటూ చాలాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడింది.

ఆదివారం సాయంత్రం పెళ్లివాళ్ల ఇంటి ముందు తెర కట్టారు. గాలి ఉత్తరానికి తిరిగిపోయింది. వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నిద్రపోయిన ధనశ్రీని ఒళ్లో పెట్టుకుని, చివర్లో తన పేరు మూడు సెకన్లు కనబడి పోవడం అనూరాధ చూసింది.

*

సోమవారం ఇంటికొచ్చేసరికి రేకులు రెండు లేచిపోయి ఉన్నాయి. మానిటర్ కొక్కేనికే ఉంది, దుప్పటి తడిసింది గానీ అది వెలిగింది. గుమ్మం పక్కన ఎండుచేపల సంచి నీళ్లల్లో పడుంది. గురువమ్మ కుట్టు విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, సంచి ఈడ్చుకెళ్లి ఒడ్డున దిమ్మరించింది. కాకులు దిగాయి. ఖాళీ సంచి దులిపి, మడిచి చంకలో పెట్టుకుని వచ్చింది.

అనూరాధ ట్రేలు బోర్లించి సీపీయూ పైకెత్తి పెడుతోంది. అత్త కేసి చూడలేకపోయింది.

"నాను ఎత్తలేనని తెలిసే కొన్నాను, అత్తా. పదిహేను రోజుల సేపలు పోనాయి."

"పోనాయి."

"రేకులూ పోనాయి."

"దొరబాబు ఒత్తాడు, ఏత్తాడు." గురువమ్మ తల మీది గుడ్డ చుట్ట తీసి పిండింది. "అయినా ఒక్క మనిషి ఎత్తాలన్నాను. ఆ మనిషివి నువ్వేనని నానెప్పుడన్నానే?"

అనూరాధ చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది.

"సేపల తట్టలో సగం బరువు నేదది" అంది గురువమ్మ. "కొట్లో నువ్వు గుంటతో, దాంతో కుస్తీ పడతంటే అడుగుతావేమోనని సూశాను. అడగనేదు. కోపవొచ్చింది."

గుడ్డ చుట్టని సీపీయూ నెత్తి మీద పెట్టి, ఆరుతుందన్నట్టు ఒకసారి అరచేత్తో అదిమి, తట్ట తీసుకుని హార్బర్‌కి బయల్దేరింది. కొడుకు బోటు చేపలు దిగే వేళయింది.

డబ్బా పైన గాలి పోయే జల్లెడ ఉంటుంది. దాన్ని మూస్తే మిషను కాగిపోతుంది. అనూరాధ గుడ్డ చుట్టని తీసి గోడ కొక్కేనికి, చెయ్యి చాపితే అందేటట్టు తగిలించింది. తర్వాత మీట నొక్కి, చాప మీద కూర్చుంది.